కంప్యూటరు చిట్టా: తెలుగు పేర్లు చెదరిన పట్టికకు చికిత్స

గోదావరి ప్రాంతమునుండి ఒక సోదరి మన శీర్షికకు జాబు వ్రాసినారు. వారి డ్వాక్రా సంఘమున పదిమంది సభ్యురాండ్రు కలరు. నెలనెలయు కట్టు పొదుపు, తీసికొన్న అప్పు, వాయిదా, వడ్డీ మున్నగువాని నన్నిటిని, కోడలు వ్రాసియిచ్చిన చిన్న పైథాను ప్రోగ్రాము లెక్కగట్టి పేర్లతోసహా ఒక సీఎస్‌వీ ఫైలుగా దాచుచున్నదట. ఆ ఫైలును వేఱొకచోట, వేఱొక కంప్యూటరుపై ఎక్సెల్‌లో తెఱవగా అంకెలన్నియు నిలిచినవి గాని పేర్లు మాత్రము పోయి, వానికి మాఱుగా ఏవో వింతగుర్తులు బారులుతీరినవట. “చిక్కంతయు మీ తెలుగువలన వచ్చినది; ఇంగ్లీషులో వ్రాసికొనుడు” అని అచ్చటివారు చెప్పి పంపిరట. అది యట్లుండగా, ఇంటికి వచ్చి తమ యంత్రముపై చూచుకొనగా శైలజ యను సభ్యురాలు వాయిదా కట్టియు కట్టనట్లు చూపబడియున్నది. అదే పేరు క్రింద మఱియొక వరుసలో, కట్టిన సొమ్ముతో, మఱల కనబడుచున్నది. సంఘములో శైలజ ఒక్కతెయే.

ఈ రెండు చిక్కులును ఒకే యింటివిగా కనబడినను వేఱువేఱు జబ్బులు. రెంటికిని మందు కలదు. అయితే ముందుగా ఆ సలహాను గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. ఇంగ్లీషులో వ్రాసిన చిక్కు తీరునని చెప్పువారు, లక్ష్మి యను పేరును ఇంగ్లీషులో ఎన్నివిధముల వ్రాయుదురో యోచింపలేదు. ‘ఎక్స్’ అక్షరముతో వ్రాయువారు కొందఱు, ‘కె, ఎస్, హెచ్’ మూడింటితో వ్రాయువారు కొందఱు, తుద ‘ఐ’కి బదులు ‘వై’ ఉంచువారు మఱికొందఱు. ఒక్క లక్ష్మి ముగ్గురగును. పైగా సంఘములోని పెద్దవయసు వారిలో తెలుగు మాత్రమే కూడఁబలుకుకొని చదువగలవారు ఉందురు. తన పేరు తాను చదువుకొనలేని పట్టికమీద వ్రేలిముద్ర వేయుమని ఒక స్త్రీని అడుగుట ఏపాటి న్యాయము? కావున పేర్లు తెలుగులోనే యుండవలెనని మా నిశ్చితాభిప్రాయము. తప్పు తెలుగుది కాదు, ఫైలును చదివిన తీరుది.

కంప్యూటరునకు అక్షరమనగా ఒక సంఖ్య. లోకమునందలి లిపులన్నిటికిని ఒకే సంఖ్యాక్రమమును కల్పించినది యూనికోడు. దాని మొదటి కూర్పు 1991వ సంవత్సరమున వెలువడినది. అందే తెలుగునకు చోటు దొరకినది. 3072 మొదలు 3199 వఱకు గల 128 స్థానములు మన లిపికి కేటాయింపబడినవి. ఈ సంఖ్యలను ఫైలులో దాచుటకు ఏర్పడిన పద్ధతులలో నేడు అంతట వాడుకలోనున్నది యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను నిరువురు అమెరికాలోని న్యూజెర్సీయందు ఒక భోజనశాలలో కూర్చుండి, బల్లపై పళ్ళెముక్రింద పఱచు కాగితముమీద గీచి కల్పించిరి. వంటయింటి గోడపై చాకలిపద్దు వ్రాసికొను మనకు ఇది వింతగా తోచదు.

ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక గడి చాలును; తెలుగు గుర్తునకు మూడు గడులు పట్టును. ‘అమ్మ’ యను మాట మన కంటికి రెండక్షరములే. కంప్యూటరునకు మాత్రము అ, మ, పొల్లు, మ అని నాలుగు గుర్తులు. ఫైలులో పండ్రెండు గడులు. ఇప్పుడు, ఒక గడికి ఒక అక్షరము చొప్పున చదువు పాత అక్షరపట్టికను పట్టుకొని ఎక్సెల్ ఈ ఫైలును చదివినదనుకొనుడు. ప్రతి తెలుగు గుర్తును మూడు వింతగుర్తులుగా విఱిచి చూపును. జాబులోని మొదటి చిక్కు ఇదియే.

చూపునుబట్టి జబ్బును గుర్తింపవచ్చును గావున ఆ లక్షణములను చెప్పెదను. పేరుండవలసినచోట, తలపై ఏటవాలు గీటుగల ఇంగ్లీషు ‘ఏ’ అక్షరమును, దాని ప్రక్కనే జ్వరము కొలిచినప్పుడు అంకెమీద వేయు చిన్న సున్నయో, లేక క్రింద గీతగల కూడిక గుర్తో పదేపదే కనబడినచో భయపడ నక్కఱలేదు. తెలుగు గుర్తు ఏదైనను మొదటి రెండు గడులును ఈ జంటలలో ఒకటియే యగును. ఫైలు చెడలేదు, చదువుట చెడినది. దానిని దాచక, అనగా సేవ్ చేయక, మూసివేయుడు. అక్షరములకు బదులు ఖాళీ చదరములు వరుసగా కనబడినచో ఆ యంత్రములో తెలుగు ఫాంటు లేదన్నమాట. ఇదియు ప్రమాదము కాదు. ప్రశ్నార్థకపు గుర్తులు కనబడినచో మాత్రము జాగ్రత్త వహింపవలెను. తెలుగు ఫైలును ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా దాచినప్పుడు ఒక్కొక్క గుర్తును చెఱిపి, అచ్చట ఒక ప్రశ్నార్థకమును ఉంచును. అట్లు పోయిన పేరు మఱల రాదు. దాచిన పాత ప్రతి యున్నచో దానినుండి తెచ్చుకొనవలసినదే. ఇక అచ్చాఫీసులలో వాడు అను ఫాంటులవంటి వానితో కొట్టిన వ్రాఁత వేఱొకచోటికి తెచ్చినప్పుడు ఇంగ్లీషు అక్షరముల కలగాపులగమై కనబడును. అది యూనికోడే కాదు గావున దానికి మార్పిడి సాధనము కావలెను, ఈ మందులు పనిచేయవు.

చెదరిన గుర్తులను వెనుకకు త్రిప్పి తెలుగు చేయు ఉపాయమొకటి చాలచోట్ల చెప్పుదురు. దానిని నమ్ముకొనుట మంచిది కాదు. ఆ పాత పట్టికలో ఐదు గడులు ఖాళీ. మన కొమ్ము యొక్క మూడవ గడి 129, పొల్లు యొక్క మూడవ గడి 141. ఈ రెండును ఆ ఖాళీ గడులలోనే పడును. కొమ్ములును ఒత్తులును లేక తెలుగు పేరు ఎన్ని కలవు? చెదరినదానిని దాచి, మఱల దానిని బాగుచేయ చూచినప్పుడు ఎక్కువగా పోవునవి ఇవియే. అసలు ఫైలునకు మరలుటే మేలు.

ప్రోగ్రాము జోలికి పోకుండ చేయదగిన మందు ముందు చెప్పుచున్నాను. సీఎస్‌వీ ఫైలును రెండుసారులు నొక్కి తెఱవవలదు. ఎక్సెల్‌ను ఖాళీగా తెఱచి, డేటా అను పుటలో ‘ఫ్రమ్ టెక్స్ట్ ఆర్ సీఎస్‌వీ’ అనుదానిని నొక్కి, ఫైలును చూపినచో, ‘ఫైల్ ఆరిజిన్’ అను చోట ఒక జాబితా వచ్చును. అందు 65001 అను సంఖ్యగల యూటీఎఫ్-8ను ఎన్నుకొనుడు. పేర్లు వెంటనే నిలుచును. తిరిగి దాచునప్పుడు మామూలు సీఎస్‌వీ కాక ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అను దానినే ఎన్నుకొనవలెను.

అయితే పదిచోట్ల పదిమందికి ఈ నొక్కుళ్ళన్నియు నేర్పుట యెట్లు? ఫైలే తన సంగతి తాను చెప్పుకొనునట్లు చేసిన సుఖము. ఫైలు మొదట 239, 187, 191 అను మూడు గడుల చిన్న ముద్ర యొకటి ఉంచినచో, ఎక్సెల్ దానిని చూచి యూటీఎఫ్-8 అని తెలిసికొనును. పైథానులో ఈ ముద్రకు ‘యూటీఎఫ్-8-సిగ్’ అని పేరు. క్రింద అచ్చువేసిన పంక్తులలో ఇంగ్లీషు మాటలు మన లిపిలో పలుకుబడిగా ఈయబడినవి. కంప్యూటరులో వానిని ఇంగ్లీషు చిన్న అక్షరములతోనే కొట్టవలెను.

విత్ ఓపెన్('సంఘము.సీఎస్‌వీ', 'డబ్ల్యు', ఎన్‌కోడింగ్='యూటీఎఫ్-8-సిగ్', న్యూలైన్='') యాజ్ ఎఫ్:

ఇందులో ‘డబ్ల్యు’ వ్రాయుటకు. చదువుటకైన ‘ఆర్’ అని యుంచవలెను. తుదనున్న ‘న్యూలైన్’ మాటను చాలమంది వదలివేయుదురు. వదలినయెడల విండోసు యంత్రముపై ప్రతి రెండు వరుసలనడుమ ఒక ఖాళీ వరుస పుట్టును. పదిమంది సభ్యురాండ్ర పట్టిక ఇరువది వరుసలై నవ్వుపుట్టించును. ‘ఎన్‌కోడింగ్’ చెప్పకున్నచో పైథాను ఆ యంత్రపు పాత అక్షరపట్టికను వాడుట కలదు. అప్పుడు తెలుగు వ్రాయబోగానే ‘యూనికోడ్ ఎన్‌కోడ్ ఎఱ్ఱర్’ అని నిలిచిపోవును. అడిగినను అడుగకున్నను చెప్పవలసిన మాట ఇది.

ముద్రతో వ్రాసిన ఫైలును ముద్ర పేరుతోనే చదువవలెను. ఒట్టి యూటీఎఫ్-8 అని చదివినచో ఆ ముద్ర ఫైలులోని మొదటి మాటకు అంటుకొనును. మొదటి మాట సామాన్యముగా ‘పేరు’ అను శీర్షిక. కంటికి ‘పేరు’ అనియే కనబడును గాని, ప్రోగ్రాము ‘పేరు అను గడి లేదు’ అని మొఱపెట్టును. ఎదుటనున్నదానిని లేదనునేమి అని కొత్తవారు గంటలతరబడి తల పట్టుకొందురు. చదువునప్పుడు ‘సిగ్’ ఉంచినచో, ముద్ర యున్న దానిని తీసివేయును, లేకున్న ఊరకుండును. కావున రెండువేళలను ‘సిగ్’ ఉంచుటయే మా చిట్టాలోని నియమము.

ఇక శైలజ సంగతి. ‘శై’ అను అక్షరమును రెండువిధముల కట్టవచ్చును. శకారమునకు ఐత్వమును ఒకే గుర్తుగా చేర్చుట ఒకటి. శకారమునకు ముందు ఎత్వమును, తరువాత ఐత్వపు తోకను విడివిడిగా చేర్చుట మఱియొకటి. తెరమీదను, కాగితముమీదను రెంటికిని భేదము కానరాదు. యూనికోడు నియమముల ప్రకారము రెండును సమానమే. కాని ప్రోగ్రాము, చెప్పనిది, ఆ నియమమును పాటింపదు. ‘లెన్’ అను మాటతో పొడవు నడిగినచో ఒక శైలజకు నాలుగు, రెండవ శైలజకు ఐదు అని చెప్పును. కోడలు తన ఫోనులో కొట్టిన శైలజ ఒకవిధముగను, పాత ఫాంటునుండి మార్చి తెచ్చిన పట్టికలోని శైలజ మఱియొకవిధముగను ఉండియుండవచ్చును. వాయిదా ఒకరి ఖాతాలో పడినది, బాకీ రెండవవారి ఖాతాలో నిలిచినది. తెలుగులో ఇట్లు రెండురీతుల కట్టుటకు యూనికోడు ఒప్పుకొన్న గుర్తు ఐత్వమొక్కటియే. కావున శైలజ, మైథిలి, వైదేహి, కైకమ్మ, జైనబీ మున్నగు పేర్లుగల సభ్యురాండ్ర లెక్కలను ముందుగా చూచుకొనుడు.

ఇట్టి మాఱుమూల దొంగలు మఱి యిద్దఱు కలరు. ‘రాజ్‌కుమారి’ యని జకారపు పొల్లు విడిగా నిలుచుటకై నడుమ కంటికి కానరాని అడ్డుగుర్తు నొకదానిని కొట్టుదురు. దాని సంఖ్య 8204. అది లేకున్న ‘రాజ్కుమారి’ యగును. చదువువారికి ఇద్దఱును ఒకతెయే, ప్రోగ్రామునకు కాదు. రెండవది సున్న. పూర్ణబిందువు సంఖ్య 3074. తెలుగంకెలలోని సున్న సంఖ్య 3174. అచ్చులో రెండును ఒకటిగానే యుండును. త్వరలో ‘గంగమ్మ’ను కొట్టువారు బిందువునకు బదులు అంకె సున్నను కొట్టిన గంగమ్మయు ఇద్దఱగును. వీరినందఱిని ఒక చోటికి తెచ్చుటకు ఈ నాలుగు పంక్తుల ముక్కను చిట్టాలో వ్రాసికొనుడు. ఫైలుతలను ‘ఇంపోర్ట్ యూనికోడ్‌డేటా’ అని మఱువక కొట్టవలెను.

డెఫ్ తాళము(పేరు):
    పేరు = యూనికోడ్‌డేటా.నార్మలైజ్('ఎన్ఎఫ్‌సీ', పేరు)
    పేరు = పేరు.రీప్లేస్(సీహెచ్ఆర్(8204), '').రీప్లేస్(సీహెచ్ఆర్(3174), సీహెచ్ఆర్(3074))
    రిటర్న్ ' '.జాయిన్(పేరు.స్ప్లిట్())

‘ఎన్ఎఫ్‌సీ’ మూడక్షరములను మాత్రము ఇంగ్లీషు పెద్ద అక్షరములతో కొట్టవలెను. ‘పేరు’, ‘తాళము’ అనువానిని తెలుగులోనే యుంచవచ్చును. 2008లో వచ్చిన మూడవ పైథాను మొదలు అట్టి పేర్లను ఒప్పుకొనుచున్నది. మొదటి పంక్తి ఐత్వమును ఒకే గుర్తుగా కట్టును. రెండవది అడ్డుగుర్తును తీసి సున్నను బిందువుగా మార్చును. తుదిది పేరునకు ముందు వెనుకల నున్న ఖాళీలను, నడుమ రెండుసారులు పడిన ఖాళీలను తుడిచివేయును. కానరాని గుర్తును ప్రోగ్రాములో నేరుగా కొట్టక దాని సంఖ్యనే వ్రాయుట చూచితిరి గదా. ఆఱునెలల తరువాత మఱల చదువునప్పుడు, రెండు కొటేషనుల నడుమ ఏమున్నదో ఎవరికిని కనబడదు, సంఖ్య యైన కనబడును.

ఈ తాళమును పేర్లను పోల్చుటకు మాత్రమే వాడుడు. పట్టికలో అచ్చువేయవలసినది ఆమె వ్రాసికొన్న పేరే. రాజ్‌కుమారిని రాజ్కుమారిగా మార్చుటకు మనకు అధికారము లేదు.

ఐనను ఈ తాళము తీయలేని గది యొకటి కలదు. సంఘములో నిజముగనే ఇద్దఱు లక్ష్ములున్నచో? పోల్చిన ఇద్దఱును ఒకరగుదురు. శైలజకు జరిగినదానికి తలక్రిందులైన కీడు కలుగును. ఒకామె కట్టిన వాయిదా రెండవయామె అప్పును తీర్చును. ఇంటిపేరు చేర్చిన కొంత మేలుగాని, ఇంటిపేరును ఒకరు పొడి అక్షరముగను, ఒకరు పూర్తిగను వ్రాయుదురు. కావున ప్రతి సభ్యురాలికి ఒక సంఖ్య నిచ్చి, లెక్కలు సంఖ్యనుబట్టియే సాగించుట ఉత్తమము. పేరు మనుష్యుల కంటికి, సంఖ్య యంత్రమునకు. సంఖ్య లిచ్చువేళ పై తాళముతో పాత పట్టికను ఒకసారి వడగట్టి, ఒకటిగా తోచిన పేర్లను ఆయా సభ్యురాండ్రనే అడిగి నిర్ణయించుకొనవలెను. రెండు వరుసలు ఒక మనిషివా, ఇద్దఱివా యను తీర్పు ప్రోగ్రామునకు విడువరాదు.

ఖాతాసంఖ్యల విషయము త్వరగా చెప్పెదను. ఎక్సెల్ 15 అంకెలకు మించిన సంఖ్యలో తక్కినవానిని సున్నలు చేయును. మొదటి సున్నలను మ్రింగును. పండ్రెండంకెల ఆధారు సంఖ్యను ‘ఈ’ అక్షరముతో కుదించి చూపును, ఆ రూపముతోనే సీఎస్‌వీగా దాచినయెడల అసలు సంఖ్య పోవును. కూడవలసిన అవసరములేని అంకెలను అంకెలుగా కాక ‘టెక్స్ట్’గా తెఱిపించుకొనుడు. తెలుగంకెలతో ౧౨౩ అని వ్రాసినను పైథాను ‘ఇంట్’ అనుదానితో దానిని 123గా గ్రహించుట ముచ్చటైన విషయము, ఎక్సెల్ గ్రహింపదు.

పైథాను లేని యంత్రమున దీనినెట్లు నడుపుట యని అడుగుదురేమో. విండోసునకు పైథానును దాని సొంత స్థలమునుండి ఉచితముగా తెచ్చుకొనవచ్చును. నెలకొల్పునప్పుడు మొదటి తెరపై అడుగున ‘యాడ్ పైథాన్ టు పాత్’ అను చిన్న గడిలో టిక్కు పెట్టవలెను. పెట్టకున్నచో తరువాత ‘పైథాను’ అని పిలిచినను యంత్రము పలుకక పోవచ్చును. మనమిచ్చట వాడినవన్నియు పైథానుతోనే వచ్చునవి గావున వేఱే సామగ్రి నేదియు దింపుకొన నక్కఱలేదు. దింపుకొనుమని ఎవరైన చెప్పిన, ఎందులకని అడుగుడు.

చిట్టాలో ముక్కను ఎక్కించునప్పుడు దాని నెత్తిన ‘#’ గుర్తు వేసి తెలుగులో రెండుమాటలు వ్రాయుట అలవాటు చేసికొనుడు: ఏ చిక్కునకు వ్రాసితిమి, ఏ తారీఖున, ఏ యంత్రముపై పనిచేసినది. ‘ఎక్సెల్‌లో పేర్లు చెదరుచుండుటచే’ అని యున్న ముక్క అవసరమునకు దొరకును. ‘కొత్త ఫైలు 2’ అని యున్నది దొరకదు. పట్టిక ప్రతులకు పేరుపెట్టునప్పుడు తారీఖును సంవత్సరము, నెల, దినము అను క్రమమున ఉంచినచో అవి తమంతట తామే వరుసగా నిలుచును. ఏ మందు వేయుటకు ముందైనను ఒక ప్రతిని వేఱుచోట దాచుట మఱువవలదు.

సభ్యురాండ్రకు వాయిదా జ్ఞాపకము చేయుచు ఫోనునకు సందేశములు పంపు సంఘములవారు ఈ లెక్కను కూడ ఎఱిగియుండవలెను. ఇంగ్లీషులో ఒక సందేశమునకు 160 అక్షరములు పట్టును. తెలుగులో సామాన్యముగా 70 గుర్తులే. మించినచో సందేశము ముక్కలై, ముక్కకు 67 చొప్పున లెక్కింపబడి, రెండింటి ఖర్చు పడును. గుర్తులను కంటితో లెక్కింపరాదు. ‘లక్ష్మి’ యన్న మనకు రెండక్షరములు. ‘లెన్’ చెప్పునది ఏడు.